మందు రొమ్ముకు, పుండు నోటికి

"గడ్డ రొమ్ములో ఉంది. మందు చేతి నరంలోకి ఎక్కించారు. మరి నోరెందుకు పూసింది?"

కీమో వార్డు బయట కూర్చున్నవాళ్ళలో ఈ ప్రశ్న రానివాళ్ళు తక్కువ. చాలామంది దాన్ని వైద్యుడి దాకా తీసుకెళ్ళరు, జవాబు తామే చెప్పుకుంటారు: వేడి చేసి ఉంటుందిలే. మన ఇళ్ళలో నోటి పూతకు తెలిసిన కారణం అదొక్కటే. మజ్జిగ తాగి, మందుల షాపులో బి కాంప్లెక్స్ గోలీలు కొనుక్కుని, నాలుగు రోజులు చూద్దామనుకుంటారు. మామూలు పూతకు అది సరిపోతుంది. కీమో పూత విషయంలో ఆ నాలుగు రోజులే విలువైనవి. బి కాంప్లెక్స్ గోలీ కూడా అనుకున్నంత అమాయకమైనది కాదు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ప్రాణాల మీదికి వచ్చిన జబ్బు ముందు నోటి నొప్పి ఎంత, ఓర్చుకుందాం అని రోగి అనుకుంటాడు. ఇంటివాళ్ళూ అదే అంటారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది. నోరు పుండైతే తిండి ఆగుతుంది, బరువు తగ్గుతుంది. బరువు తగ్గి నీరసపడ్డ మనిషికి తర్వాతి కీమో వాయిదా వేయాల్సి వస్తుంది, లేదా మోతాదు తగ్గించాల్సి వస్తుంది. తల, మెడ భాగాల క్యాన్సర్‌కు రేడియేషన్ ఇస్తున్నప్పుడైతే మధ్యలో ఆగిన ఒక్కో రోజుకూ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం ఒక శాతం, అంతకన్నా కాస్త ఎక్కువే తగ్గుతుందని లెక్కలున్నాయి. నోటి నొప్పికి భయపడి వారం రోజులు ఆసుపత్రికి వెళ్ళకపోతే పోయేది ఎంతో మీరే లెక్క వేసుకోవచ్చు. కాబట్టి నోటిని చూసుకోవడం క్యాన్సర్ చికిత్సలో భాగమే.

తాటాకు కప్పు కింద

గోదావరి జిల్లాల్లో తాటాకు ఇంట్లో ఉన్నవాళ్ళకు తెలుసు, కప్పు ఒకసారి వేసి వదిలేసేది కాదు. ఎండకు ఎండి, వానకు నాని ఆకు చివికిపోతుంది. ఎప్పటికప్పుడు కొత్త ఆకు వేసి నేయిస్తుండాలి. ఒక ఏడాది నేసే మనిషి దొరకలేదనుకోండి. ఆ రోజే ఇల్లు కారదు. పాత ఆకు ఇంకా ఉంది కదా, కొన్నాళ్ళు కాపాడుతుంది. అదీ చివికిపోయాక, సరిగ్గా వాన పట్టిన రోజున తెలుస్తుంది.

మన నోటి లోపొర ఇలాంటి కప్పే. తేడా ఒక్కటే, ఇక్కడ కొత్త ఆకు కింది నుంచి వస్తుంది. లోపొర అడుగున ఉన్న కణాలు ఆగకుండా రెండుగా విడిపోతూ పైకి కొత్త వరసల్ని పంపుతాయి. పైవరసలు నమలడంలో, మింగడంలో అరిగి రాలిపోతాయి. వారం రెండు వారాల్లో పొర మొత్తం మారిపోతుంది. బుగ్గ కొరుక్కున్న గాయం రెండు మూడు రోజుల్లోనే మానడం వెనక ఉన్నది ఈ వేగమే.

కీమో మందుల్లో చాలావాటికి గడ్డ చిరునామా తెలియదు. అవి వెతికేది విడిపోతున్న కణాన్ని. క్యాన్సర్ కణం అదుపు లేకుండా విడిపోతుంది కాబట్టి దొరికిపోతుంది. దానితోపాటు వెంట్రుకల కుదుళ్ళు, ఎముక మజ్జ, పేగు లోపొర, నోటి లోపొర కూడా దొరుకుతాయి. మందు ఎక్కించిన రోజున దెబ్బ తగిలేది అడుగు కణాలకు. పైనున్న పాత వరసలు ఇంకా నిలిచి ఉంటాయి కాబట్టి ఆ రోజు రోగికి ఏమీ తెలియదు. అయిదారు రోజులకు నోరు మంట పుడుతుంది, ఎర్రబడుతుంది, పొర ఊడి పుండ్లు తేలతాయి. పది రోజుల నుంచి రెండు వారాల మధ్య బాధ తీవ్రంగా ఉంటుంది. అడుగు కణాలు కోలుకున్నాక, రెండు మూడు వారాలకు మానుతుంది. వైద్యులు మ్యూకోసైటిస్ అనేది దీన్నే.

కణాలు చావడంతోనే కథ అయిపోదని అమెరికాలో నోటి వ్యాధుల పరిశోధకుడు స్టీఫెన్ సోనిస్ 1990ల చివరి నుంచి చెబుతూ వచ్చాడు. దెబ్బతిన్న కణజాలం వాపు పుట్టించే రసాయనాల్ని విడుదల చేస్తుంది, అవి పక్క కణాల్ని పాడుచేస్తాయి, ఆ పాడైనవి మళ్ళీ అవే రసాయనాల్ని విడుదల చేస్తాయి. పుండు కంటికి కనిపించే నాటికి ఈ గొలుసు లోపల చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది. నోరు పూశాక మొదలుపెట్టే జాగ్రత్త కన్నా ముందే మొదలుపెట్టినది మేలు అనడానికి కారణం ఇదే.

అన్ని మందులూ ఒకేలా పూయించవు. 5-ఎఫ్‌యూ, మెథోట్రెక్సేట్, డాక్సోరుబిసిన్, సైటరాబిన్, ఎముక మజ్జ మార్పిడికి ముందు పెద్ద మోతాదులో ఇచ్చే మెల్ఫలాన్ ఈ విషయంలో పేరు మోసినవి. వీటిలో మెథోట్రెక్సేట్ వెనక తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన నడిపిన రోజుల్లో, ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు అక్కడ తయారయ్యాయి. ఫోలిక్ యాసిడ్ అందకపోతే కణం కొత్త డీఎన్ఏ తయారుచేసుకోలేదు, విడిపోలేదు. ఆ మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకిచ్చి, జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. అంతవరకూ ఆ పిల్లలకు వైద్యం దగ్గర ఏమీ లేదు. నోరు పుండ్లు పడటం గురించీ ఆ వ్యాసంలోనే రాసి ఉంది. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్ తోబుట్టువే.

పెద్ద మోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చిన తర్వాత ల్యూకోవోరిన్ అనే విరుగుడును గడియారం చూసి ఇస్తారు. మంచి కణాలకు ఫోలిక్ యాసిడ్ దారిని అది తిరిగి తెరుస్తుంది. దాన్ని వేళకు ఇవ్వాలి, ఒక్క డోసు కూడా తప్పకూడదు. ఇక బి కాంప్లెక్స్ సంగతి. ఆ గోలీల్లో చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ కలిసి ఉంటుంది. 5-ఎఫ్‌యూ, దాని మాత్ర రూపమైన కాపెసైటబిన్ వాడుతున్నవాళ్ళలో ఫోలిక్ యాసిడ్ ఆ మందుల దుష్ఫలితాల్ని పెంచవచ్చు. నోటి పూత తగ్గాలని వేసుకున్న గోలీ పూతను పెంచే ప్రమాదం ఉందన్నమాట. కీమో నడుస్తున్నప్పుడు విటమిన్ గోలీ అయినా వైద్యుణ్ణి అడిగే వేసుకోవాలి.

కరెంటు పెట్టినప్పుడు

రేడియేషన్‌ను మన ఊళ్ళలో "కరెంటు పెట్టడం" అంటారు. కీమోలా ఒళ్ళంతా తిరగదు, పడిన చోటే పనిచేస్తుంది. రొమ్ముకో గర్భాశయానికో పెడితే నోటికి ఏమీ కాదు. నాలుక, బుగ్గ, దవడ, గొంతు క్యాన్సర్‌కు పెడితే మాత్రం నోరే దాని దారిలో ఉంటుంది.

మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువ. గుట్కా, ఖైనీ, జర్దా, వక్కపొడి పెంచుతున్న జబ్బు ఇది. ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది, అడ్డపొగ అంటారు. ముఖ్యంగా ఆడవాళ్ళలో. ఆ వేడీ పొగా తగిలే అంగిలికి వచ్చే క్యాన్సర్‌ను అక్కడ వైద్యులు దశాబ్దాలుగా చూస్తున్నారు.

ఈ క్యాన్సర్లకు సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున, ఆరున్నర ఏడు వారాలపాటు, 33 నుంచి 35 సార్లు కరెంటు పెడతారు. రెండో మూడో వారంలో నోరు పూయడం మొదలవుతుంది. కీమోలో దెబ్బ ఒకసారి తగిలి కోలుకోవడానికి విరామం దొరుకుతుంది. ఇక్కడ రోజూ తగులుతూనే ఉంటుంది కాబట్టి పూత చికిత్స పూర్తయ్యేదాకా పెరుగుతుంది, ఆ తర్వాతా రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. "కరెంటు అయిపోయింది కదా, ఇంకా మండుతోందేమిటి?" అని కంగారుపడేవాళ్ళు ఈ లెక్క ముందే తెలుసుకుంటే మంచిది.

పూత చివరికి మానుతుంది. లాలాజలం సంగతి అలా కాదు. మన నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అన్నం ముద్ద జారడానికి, రుచి తెలియడానికి, పళ్ళ మీద పుట్టే ఆమ్లాన్ని కడగడానికి అదే ఆధారం. చెవుల ముందు ఉండే పెద్ద లాలాజల గ్రంథులు రేడియేషన్‌కు చాలా సున్నితం. మొదటి వారంలోనే ఊట తగ్గుతుంది, మిగిలింది చిక్కబడి జిగటగా తయారవుతుంది. గ్రంథికి పడిన మోతాదు ఎక్కువైతే ఆ ఊట పూర్తిగా తిరిగి రాదు. అందుకే కిరణాల్ని గడ్డ ఆకారానికి తగ్గట్టు మలిచే ఐఎంఆర్‌టీ పద్ధతి వచ్చింది. 2011లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో, పాత పద్ధతిలో కరెంటు పెట్టించుకున్నవాళ్ళలో 74 శాతం మందికి ఏడాది తర్వాత కూడా నోరు ఎండిపోయే బాధ గట్టిగా ఉంటే, ఐఎంఆర్‌టీ తీసుకున్నవాళ్ళలో అది 38 శాతానికి తగ్గింది. మీ ఆసుపత్రిలో ఏ పద్ధతి వాడుతున్నారని అడగడంలో తప్పేమీ లేదు.

రుచి పోవడం కూడా ఇక్కడిదే. నాలుక మీది రుచి కణాలు పది రోజులకోసారి మారుతుంటాయి, అవీ దెబ్బతింటాయి. అన్నం మట్టిలా ఉందంటారు, నోరంతా ఇనుము చేదంటారు. వంట బాగాలేదని కాదు, వండినవాళ్ళు మనసు కష్టపెట్టుకోవద్దు. చాలామందికి కొన్ని నెలల్లో, కొందరికి ఏడాదికి రుచి చాలావరకు తిరిగొస్తుంది. స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్ చెంచాతో తింటే ఇనుము చేదు కొంత తగ్గుతుంది.

మొదటి రోజుకు ముందే పళ్ళ డాక్టరు

ఈ అధ్యాయంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటాను అనేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోండి. నోటికో మెడకో కరెంటు పెట్టబోతున్నారంటే, తేదీ ఖాయమయ్యేలోపు దంతవైద్యుడికి చూపించాలి.

రేడియేషన్ పడిన దవడ ఎముకలో సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. పైకి ఏమీ తెలియదు. తర్వాతెప్పుడో పుచ్చిపన్ను పీకిస్తే ఆ గుంట మానడానికి కావలసిన రక్తం అందదు. ఎముక బయటపడి, చనిపోయి, చీము పట్టి, ఒక్కోసారి దవడ విరిగే దాకా వస్తుంది. కింది దవడకు ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే దానికి రక్తం వచ్చే దారులు తక్కువ. నిలవవని తెలిసిన పళ్ళను కరెంటుకు ముందే తీసేసి, గాయం మానడానికి కనీసం రెండు వారాలు ఇవ్వాలి. ఆపరేషన్ తర్వాత రేడియేషన్‌ను సాధారణంగా ఆరు వారాల్లోపు మొదలుపెట్టాలి కాబట్టి, వ్యవధి ఉన్నట్టే ఉండి జారిపోతుంది. ఆపరేషన్‌కు ముందే పళ్ళు చూపిస్తే పీకాల్సినవి అప్పుడే పీకేయవచ్చు. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి, ఖర్చుకు జంకాల్సిన పని లేదు.

క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్ళకు ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ ఇంజెక్షన్లకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. కరెంటు లేకపోయినా ఈ మందులు దవడ ఎముకను మాననివ్వకుండా చేయగలవు. జోలెడ్రోనిక్ యాసిడ్ రకం మందుల్లో దీన్ని 2003లో మొదటిసారి గమనించారు. అప్పటికి ఆ రకం మందుల్ని ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు.

పూత పూసిన రోజుల్లో

మౌత్‌వాష్ అనగానే అందరూ ఖరీదైన సీసా వైపు చూస్తారు. ఆల్కహాల్ ఉన్న సీసా మందు పుండు మీద మండుతుంది, నోటిని ఆరబెడుతుంది. పనికొచ్చేది వంటింట్లోనే ఉంది. ఒక గ్లాసు గోరువెచ్చని, కాచిన నీళ్ళలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా. వంటసోడానే, బట్టల సోడా కాదు. రోజుకు నాలుగైదు సార్లు, తిన్న ప్రతిసారీ, పడుకోబోయే ముందు పుక్కిలించి ఉమ్మేయాలి. ఇది పుండును మాన్పే మందు కాదు. జిగటను కరిగిస్తుంది, ఆమ్లాన్ని తగ్గిస్తుంది, తిండి మెతుకులు పుండ్లలో నిలవకుండా చేస్తుంది. ఇంత చవకైన పని ఇంత ఉపయోగం ఇవ్వడం వైద్యంలో అరుదు, అందుకే కాబోలు జనం దీన్ని నమ్మరు. నమ్మండి.

పళ్ళు తోముకోవడం మానొద్దు. మెత్తని బ్రష్షును వేడినీళ్ళలో కాసేపు ఉంచితే ఇంకా మెత్తబడుతుంది. వేపపుల్ల, బొగ్గుపొడి, పళ్ళపొడి ఈ రోజుల్లో వద్దు. పేస్టు మండితే నురగ తక్కువ వచ్చేది వాడాలి. కట్టుడు పళ్ళను రాత్రి తీసేయాలి, ఒరుసుకుంటుంటే పగలు కూడా. నిమ్మరసం, గ్లిజరిన్ కలిసిన పూతమందులు నోటిని ఆరబెడతాయి, వాటి జోలికి పోవద్దు.

5-ఎఫ్‌యూను ఒక్కసారిగా నరంలోకి ఎక్కించేటప్పుడు మంచుగడ్డ చేసే మేలు చాలామందికి తెలియదు. ఆ మందు ఒంట్లో సగానికి పడిపోవడానికి పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ఎక్కించడానికి అయిదు నిమిషాల ముందు నుంచి మొత్తం అరగంట నోట్లో మంచుముక్కలు తిప్పుకుంటూ ఉంటే నోటి రక్తనాళాలు ముడుచుకుంటాయి, మందు అటువైపు తక్కువగా వెళ్తుంది. 1991లో అమెరికాలో పరీక్షించి చూపించారు. పెద్ద మోతాదు మెల్ఫలాన్‌కూ ఇది పనిచేస్తుంది. గంటలు, రోజుల తరబడి పంపుతో ఎక్కే మందుకు పనికిరాదు. ఆక్సాలిప్లాటిన్ కూడా కలిపి ఇస్తుంటే మంచు పెట్టుకోకూడదు, ఆ మందు వాడేవాళ్ళకు చల్లదనం తగిలితే గొంతు, నోరు బిగుసుకున్నట్టు తిమ్మిరెక్కుతాయి. నర్సును అడిగి చేయండి, ఫిల్టరు నీళ్ళ మంచే వాడండి.

బెంజిడమిన్ పుక్కిలి మందు రేడియేషన్ పూతకు మేలు చేస్తుంది. సన్నని ఎర్రకాంతిని నోటి లోపల ప్రసరింపజేసే లేజర్ పద్ధతి పూతను తగ్గిస్తుందని ఇప్పుడు అంతర్జాతీయ మార్గదర్శకాలు ఒప్పుకుంటున్నాయి, మన పెద్ద ఆసుపత్రులు కొన్నింటిలో దొరుకుతుంది. రేడియేషన్ పూతకు తేనె పనికిరావచ్చని కూడా అవే మార్గదర్శకాలు అంటాయి, కానీ తేనెలో ఉన్నది చక్కెర. మధుమేహం ఉన్నవాళ్ళు, లాలాజలం ఎండి పళ్ళు పుచ్చే ముప్పున్నవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు.

నొప్పి నిజంగా భరించలేనిదైతే భరించమనకండి. తిండికి ముందు నోటిని మొద్దుబార్చే లిడోకైన్ జెల్ ఉంది, అది రాసుకున్నాక వేడిగా తినకూడదు, కాలినా తెలియదు. ఘనాహారం మింగలేక, తర్వాత ద్రవాలూ మింగలేక రోగి ఇబ్బంది పడుతుంటే మార్ఫిన్ ఇస్తారు. ఆ పేరు వినగానే "అలవాటు పడిపోతారు" అని ఇంట్లోవాళ్ళు మాత్రను దాచేస్తుంటారు. వైద్యుడు చెప్పిన మోతాదులో, నొప్పి ఉన్నన్ని రోజులు వాడి, పుండు మానాక ఆయన చెప్పినట్టు తగ్గించుకుంటూ ఆపేస్తే భయం లేదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించడానికి, ఊరట చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది.

తిండి విషయంలో మన వంట సగం శత్రువు, సగం మిత్రుడు. ఆవకాయ, గోంగూర, చింతపండు పులుసు, మిరియాల చారు, వేపుళ్ళు, జంతికలు కొన్నాళ్ళు దూరం పెట్టాలి. మెత్తగా ఉడికించి పప్పుగుత్తితో మెదిపిన పెరుగన్నం, నెయ్యి వేసిన పెసరకట్టు అన్నం, పాలలో నానబెట్టిన ఇడ్లీ, సగ్గుబియ్యం పాయసం, చల్లార్చిన రాగిజావ, మెత్తగా ఉడికిన గుడ్డు నోటికి బాధలేకుండా దిగుతాయి. జావ ఒక్కటే తాగించి సరిపెట్టొద్దు. కొత్త పొర కట్టడానికి మాంసకృత్తులు కావాలి, అవి పప్పులో, పాలలో, గుడ్డులో ఉన్నాయి. వారానికోసారి బరువు చూసి రాసిపెట్టండి. నోటితో అసలు దిగని రోజులు వస్తే ముక్కు ద్వారా గొట్టం వేస్తారు. దాన్ని చూసి ఇక అయిపోయిందని ఏడ్చేవాళ్ళున్నారు. అది చికిత్స ఆగకుండా నిలబెట్టే గొట్టం.

తెల్లని పొరలు, జ్వరం

పూతతోపాటు తెల్లని పొరలు కనిపిస్తే, గీకినప్పుడు ఊడి కింద ఎర్రగా ఉంటే, అది క్యాండిడా అనే బూజు. దానికి విడిగా మందుంది, త్వరగా తగ్గుతుంది. పెదవుల మీద, అంగిట్లో గుంపుగా నీటిపొక్కులు లేస్తే హెర్పిస్ కావచ్చు, దానికీ మందుంది. పూతేలే అని వదిలేస్తే రెండూ ముదురుతాయి.

జ్వరం మాత్రం వేరు. కీమో తర్వాత ఏడు నుంచి పధ్నాలుగు రోజుల మధ్య రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోతాయి. నోటి పూత తీవ్రంగా ఉండేదీ ఆ రోజుల్లోనే. కాపలా లేని వేళ తలుపు తెరిచి ఉన్నప్పుడు నోట్లోని సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి వెళ్తాయి. ఇంట్లో థర్మామీటరు ఉండాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, అర్ధరాత్రైనా సరే, ఆసుపత్రికి వెళ్ళాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు, అది జ్వరాన్ని కప్పిపెడుతుంది, లోపలి జబ్బును ఆపదు.

కరెంటు అయిపోయాక

లాలాజలం లేని నోట్లో పళ్ళు చాలా వేగంగా పుచ్చుతాయి, అదీ చిగురు అంచున, చుట్టూ. ఏళ్ళు పట్టే పుచ్చు నెలల్లో వస్తుంది. దంతవైద్యుడు రాసిచ్చే ఎక్కువ ఫ్లోరైడ్ జెల్‌నో పేస్టునో రోజూ వాడాలి, ఇది బతికినన్నాళ్ళూ ఉండే అలవాటు. నీళ్ళసీసా పక్కనే ఉంచుకోవాలి, తీపి లేని చూయింగ్ గమ్ ఊటను కొంత పెంచుతుంది. కొందరికి వైద్యులు పైలోకార్పిన్ మాత్రలు ఇస్తారు.

నోరు తెరుచుకోకపోవడం మరో బాధ. దవడ కండరాలు బిగుసుకుపోతాయి. గుట్కా, వక్కల వల్ల ముందే బుగ్గలు గట్టిపడ్డవాళ్ళకు ఇది రెట్టింపు. మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోవాలి, 35 మిల్లీమీటర్లకు తగ్గితే బిగుసుకున్నట్టే. ఫిజియోథెరపిస్టు చూపించే సాగదీత వ్యాయామాన్ని కరెంటు నడుస్తున్నప్పుడే మొదలుపెట్టి నెలల తరబడి చేయాలి. బిగుసుకున్నాక తెరిపించడం చాలా కష్టం.

దవడ ఎముకకు వచ్చిన మార్పు కాలంతో పోదు. కాబట్టి మీ డిశ్చార్జి కాగితాన్ని, రేడియేషన్ ఎక్కడ ఎంత ఇచ్చారో రాసిన చీటీని భద్రంగా దాచుకోండి. పదేళ్ళ తర్వాత ఏ ఊళ్ళో పన్ను నొప్పి వచ్చినా, పన్ను పీకించుకునే ముందు "నాకు దవడకు కరెంటు పెట్టారు" అని ఆ డాక్టరుకు చెప్పి, ఆ చీటీ చూపించండి.